కాఫీ డబ్బాలో జేడ్ మొక్క

జనవరి 9

ఫారెన్‌హీట్‌లో సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద. గాలి లేదు, అదొక్కటే నయం.

ధాన్యం కొట్టు వాళ్లు ఏటా ఇచ్చే ఈ డైరీలో ఇన్నేళ్లూ వాతావరణం తప్ప ఇంకేమీ రాయలేదు. మా ఆయన నార్మన్ పోయిన రోజు కూడా "మంచు, నాలుగంగుళాలు" అనే ఉంది. ఇవాళ రాయకపోతే ఊపిరాడేలా లేదు.

వెర్నా అక్క పడింది. ఉత్తరాల పెట్టె దగ్గర ఐసు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఉత్తరాలు పంచే ఆవిడ చూసేదాకా నలభై నిమిషాలు అక్కడే పడి ఉందట. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి.

ఆసుపత్రికి పరిగెత్తాను. "ఎలా ఉందే అక్కా?" అన్నాను.

"ఫర్వాలేదు" అంది. మా వైపు ఫర్వాలేదంటే పెళ్లి దగ్గర్నుంచి చావు దాకా ఏదైనా కావచ్చు. "నా సంగతి వదిలెయ్. మా కారిన్ నా ఇంటికెళ్లి హీటరు తగ్గించేసి ఉంటుంది. అన్నీ పొదుపే దానికి. జేడ్ మొక్క చచ్చిపోతుంది. నువ్వు తీసుకెళ్లు. నువ్వే ఉంచేసుకో."

"థాంక్స్" అన్నాను.

తుంటి విరిగిన మనిషి మంచం మీద లేచి కూర్చోబోయింది. "ఏమన్నావే?"

అప్పటికి నాలుక కరుచుకున్నాను. మొక్క ఇచ్చినవాళ్లకి థాంక్స్ చెప్పకూడదు, చెబితే అది నాటుకోదు. అమ్మ మాకు బైబిలు కంటే ముందు నేర్పిన మాట ఇది. ఏదో ఒకటి గొణిగి, తల తిప్పుకుని, మొక్క పట్టుకుని వెళ్లిపోవాలి. డెబ్భై రెండేళ్లొచ్చి నోరు జారాను.

జనవరి 10

సున్నాకి పద్ధెనిమిది కింద. బండి అరగంట ముందే వేడి చేసి, మొక్కని నార్మన్ బొంతలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాను. దళసరి ఆకులతో నా ఒళ్లో పట్టనంత ఉంది. మొదలు నా మణికట్టంత లావు.

అమ్మ దీన్ని ఒక చిన్న కొమ్మ నుంచి పెంచింది, ఎర్ర కాఫీ డబ్బాలో. అమ్మ ఇల్లు అమ్మేసినప్పుడు అక్క దీన్ని పట్టుకుపోయింది. నాకు కుట్టుమిషను వచ్చింది. నేనేమీ అనుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఏమీ అనుకోవడం లేదు.

ఇంకా ఆ డబ్బాలోనే ఉంది. అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది, చిల్లుల్లోంచి వేళ్లు బయటికి చూస్తున్నాయి. నీళ్లు పోస్తే ఇలా పోసి అలా కారిపోతున్నాయి. బల్ల కదిలితే చాలు, మొత్తం ఒక పక్కకి వాలుతోంది. అక్క ఇన్నాళ్లూ దీన్ని ఇలా ఎలా ఉంచిందో!

జనవరి 12

కుండీ మార్చేశాను! పట్నంలో కొన్నాను, నీలం రంగు, నిగనిగలాడే పెద్ద కుండీ. గరిటె పెట్టి రెండొందల మంది పిల్లలకి సూప్ తిప్పేంత పెద్దది. బడి వంటింట్లో ఇరవై ఆరేళ్లు చేసిన చెయ్యి నాది, చిన్నగా చెయ్యడం ఎప్పుడు నేర్చుకుంది గనక? సంచీ నిండా నల్లమట్టి పోసి, రెండు కూజాల నీళ్లు పోశాను. ఎంత దర్జాగా ఉందో. అక్క చూస్తే నోరు తెరుస్తుంది.

జనవరి 13

కారిన్ ఫోను చేసింది. అక్క కూతురే అయినా ఫార్గో నగరంలో స్థిరపడి మనిషి కాస్త గబగబ. ఆసుపత్రి వాళ్లు అయిదు వారాలు అక్కతో నడక సాధన చేయిస్తారట. ఆ తర్వాత ఒంటరిగా ఆ మెట్లున్న ఇంట్లో కుదరదు. ఫార్గోలో వృద్ధుల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలో గది చూసిందట, మే నడిమికి ఖాళీ అవుతుంది. అప్పటిదాకా నా దగ్గర.

"పిన్నీ, నీకు ఇబ్బందేమో?" అంది. "నాకేం ఇబ్బంది, మూడు నెలలేగా" అన్నాను.

మధ్యాహ్నం ఆసుపత్రిలో అక్కతో మాటవరసకి అన్నాను, మే దాకా ఎందుకు, ఉండిపోతే పోలా అని.

"అబ్బే, వద్దు. నీకెందుకే శ్రమ" అంది.

సరే. మాటవరసకే అడిగాను.

జనవరి 30

మూడు ఆకులు రాలాయి. చలికి అయ్యుంటుంది.

ఫిబ్రవరి 6

పదకొండు ఆకులు. పసుపు పచ్చగా మారి, పట్టుకుంటే మెత్తగా నీరు కారుతున్నాయి. ఇదంతా నేను ఆ రోజు థాంక్స్ అనడం వల్లే. దాహంగా ఉందేమోనని ఇంకో కూజా పోశాను.

ఫిబ్రవరి 11

అక్క ఫోనులో అడిగింది, జేడ్ ఎలా ఉందని. ఫర్వాలేదు అన్నాను.

ఫిబ్రవరి 20

అక్కని తెచ్చాను. నా పడగ్గది ఇచ్చేశాను. కొత్త పరుపు, నాలుగు దిండ్లు, మంచం పక్కన గంట, ముందు టీవీ. నేను పైన గదిలో పడుకుంటాను.

మొక్కని నిన్ననే బేస్‌మెంటులో బట్టలుతికే మిషను వెనక దాచాను. అక్క ఇంట్లో అడుగు పెడుతూనే "అదేది?" అంది. "పైన గదిలో పెట్టా, ఎండ బాగా పడుతుంది" అన్నాను. వాకర్ పట్టుకున్న మనిషి మెట్లెక్కి చూడలేదుగా. దేవుడు క్షమించుగాక. బాగైపోయాక చూపిస్తాను.

ఫిబ్రవరి 27

అక్క తినడం లేదు. రెండు పూటలా సూపు, మాంసం, బంగాళాదుంపలు, పళ్లు కూరి కాల్చిన పై. పళ్లెం అలాగే తిరిగొస్తోంది. గిన్నె కడుగుతానంటే కడగనివ్వలేదు. బట్టలు మడత పెడతానంటే నేనే లాక్కున్నాను. ఆ పెద్ద మంచం మీద గోడ వైపు తిరిగి, ఓ మూల ఇంతై పడుకుంటోంది. ఒకప్పుడు నలభై మంది పిల్లలున్న తరగతిని కనుచూపుతో కూర్చోబెట్టిన మనిషి.

వారమైంది. అక్క ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని కాదు. ఊరికే రాస్తున్నాను.

మార్చి 4

గుట్టు రట్టయింది.

పక్కింటి ఎల్రాయ్ ఇల్లు వేడి చేసే ఫర్నేసుకి ఫిల్టరు మార్చడానికి వచ్చాడు. నేను చర్చి నుంచి ఇంట్లోకి వస్తూనే, వాడు బేస్‌మెంటు మెట్ల మీంచి నీలం కుండీ మోసుకొస్తూ, "ఆర్డిస్, ఈ చచ్చిన చెట్టుని పారేసిరానా?" అని అరుస్తున్నాడు. వంటింటి బల్ల దగ్గర అక్క.

ఎల్రాయ్ కుండీ బల్ల మీద పెట్టి టోపీ తీసుకున్నాడు. "కాఫీ తాగుతావా?" అన్నాను. వద్దన్నాడు. మళ్లీ అడిగితే అబ్బే వద్దన్నాడు. మూడోసారి అడిగితే, నువ్వంతగా అంటే సగం కప్పు అని కూర్చుని రెండు కప్పులు తాగాడు. ఆ కాసేపూ అక్క ఆకులు ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి చూస్తూ ఉంది.

వాడు వెళ్లాక అంది, "పైన ఎండ బాగా పడుతోందన్నావు."

"అక్కా, నేను థాంక్స్ అన్నందుకే..."

"నీ మొహం. కుండీ ఎప్పుడు మార్చావు?"

"జనవరి పన్నెండు."

"జనవరిలోనా! అది నిద్రపోతున్నప్పుడా? నడి చలికాలం నిన్ను మంచం మీంచి లాగి చెరువులో కూర్చోబెడితే నువ్వేం చేస్తావే?"

"చిల్లుల్లోంచి వేళ్లొచ్చేస్తున్నాయి. వాలిపోతోంది. పాపం అనిపించింది."

"అనిపిస్తుంది. మార్చాల్సిందే, నాకూ తెలుసు. ఎప్పుడు అన్నదే ముఖ్యం." కుండీ అంచు మీద వేళ్లతో కొట్టింది. "ఇదేంటి, స్నానాల తొట్టా? ఇంత మట్టి తడి ఆ కాసిని వేళ్లు ఎప్పటికి తాగుతాయి? కుళ్లక ఏం చేస్తుంది? అడుగున చిల్లయినా ఉందా?"

లేదు. నేను చూడనే లేదు.

మొక్కని బయటికి లాగితే పాచి వాసన. వేళ్లు నల్లగా, దారాల్లా ఊడొచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. అక్క చాకు అడిగింది. రెండు నెలల్లో ఆ మనిషి నన్ను అడిగిన మొదటి వస్తువు. కుళ్లిందంతా, లోపల తెల్లగా కనబడేదాకా కోసింది. పాత పేపర్ల మీద పడుకోబెట్టి ఫ్రిజ్ మీద పెట్టించింది, అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటుందని.

"ఎన్నాళ్లు?"

"కోసిన చోట పక్కు కట్టేదాకా. దాన్ని చూస్తూ కూర్చోకు. ముట్టుకోకు."

తర్వాత, "డబ్బా పారేశావా?" అంది.

సింకు కింద నుంచి తీసి ఇచ్చాను. అమ్మ డబ్బా, పారేస్తానా! అక్క దాన్ని కాదు, నన్ను చూసింది.

రాత్రి భోజనాల ముందు ఇంకో మాట అంది. "ఆ గది నాకు మరీ పెద్దదిగా ఉందే. కుట్టుమిషను గదిలో పడుకుంటాను." వంటింటి పక్కనే, మడత మంచం పట్టేంత గది. చలికి ముడుచుకునే మనిషికి అది చాలునట. నా నాలుగు దిండ్లలో మూడు తిరిగి ఇచ్చేసింది. గంట కూడా.

తర్వాత బంగాళాదుంపల చెక్కు తీసింది. నేను లాక్కోలేదు. చాలా కష్టమైంది.

మార్చి 12

పక్కు కట్టింది. మళ్లీ కాఫీ డబ్బాలోకి. ఎల్రాయ్ కోళ్లకి వేసే సన్నటి రాతి నూక తెచ్చాడు. సగం అది, సగం మట్టి, పొడిపొడిగా. పడిపోకుండా కర్ర కట్టాం. నేను కూజా అందుకోబోతే అక్క నా చేతి మీద చెయ్యి వేసింది.

"నీళ్లు వద్దు."

"ఒక్క గుక్క?"

"ఆర్డిస్."

మార్చి 13

నీళ్లు పోయలేదు.

మార్చి 14

నీళ్లు పోయలేదు. అక్క ఒక పళ్లెం పూర్తిగా తింది. ఇంకా పెట్టనా అని అడగలేదు నేను.

మార్చి 16

రాత్రి ఒక చెంచాడు పోద్దామని కిటికీ దగ్గరికి వెళ్లాను. కుట్టుమిషను గదిలోంచి "వినబడుతోంది" అంది.

ఏప్రిల్ 2

కిటికీ అంచున మంచు కరిగి చుక్కలుగా పడుతోంది. మొక్క అలాగే ఉంది. బతికిందో లేదో తెలీదు. అక్క వాకర్ వదిలి చేతికర్రకి వచ్చింది. బడిలో పిల్లల కథలు చెబుతుంటే ఇద్దరం కాఫీ చల్లారేదాకా నవ్వాం. ఈ ఇంట్లో నవ్వు వినబడి నాలుగేళ్లవుతోంది.

ఆ ఊపులో అడిగేశాను. "ఫార్గో ఎందుకే అక్కా? ఇక్కడే ఉండిపో."

"వద్దులే. నీ ఇల్లు నీది" అంది, కప్పులోకి చూస్తూ.

రెండుసార్లు అడిగాను. ఇంక మనిషి చేయగలిగింది ఏముంది?

ఏప్రిల్ 19

"ఏయ్, ఇలా రా!" అని అరిచింది అక్క. పడిపోయిందేమోనని వంటింట్లోకి పరిగెత్తాను. కిటికీ దగ్గర భూతద్దం పట్టుకుని నిలబడి ఉంది.

కొమ్మ చివర రెండు ఆకులు. బియ్యపు గింజంత, మెరుస్తూ.

"ఇదీ కబురంటే" అంది. "కుండీ మార్చనా అని మనం అనుకోవడం కాదు. ఎండాకాలం ముందు అది నిద్ర లేచి, చివర్లు ఇలా వేస్తుంది చూడు, అప్పుడు. ఇంకో వారం ఎండనీ."

ఏప్రిల్ 27

ఇవాళ సరిగ్గా మార్చాం. అక్క చెప్పింది, నేను చేశాను. అలా జరగడం మా చిన్నప్పటి తర్వాత ఇదే.

మట్టి కుండీ, ఎర్రది, బరువైంది, అడుగున చిల్లు. డబ్బా కంటే చుట్టూ ఒక్క వేలి వెడల్పు ఎక్కువ, అంతే. డబ్బాని పక్కకి వాల్చి, తట్టి, మొదలు పట్టుకుని మెల్లగా లాగాను. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. పాత మట్టి చేత్తో దులిపి, మొదలు ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే లోతులో నిలబెట్టి, రాతి నూక కలిపిన పొడి మట్టి చుట్టూ పోశాను.

"గట్టిగా నొక్కకు. ఊపిరాడాలి దానికి."

"మరి నీళ్లు..."

"వారం తర్వాత. దెబ్బ తగిలిన వేళ్లు మానాలి ముందు. కొన్ని ఆకులు రాలుస్తుంది, అలుగుతుంది. అలగనీ. చోటు మారితే ఎవరికైనా అలక ఉంటుంది."

నా వేలు చూపించి ఈ ఒక్క వేలి వెడల్పే కదా నేను పెంచాల్సింది, సూప్ గిన్నె అంత చేశాను అన్నాను. అక్క కుండీ అంచు మీది మట్టి తుడిచింది. "నువ్వు ఎప్పుడూ నీళ్లు ఎక్కువే పోస్తావే" అంది ఆఖరికి. తిట్టినట్టు లేదు.

మే 4

వారమైంది. అర కప్పు పోశాం. అక్కే కొలిచింది.

కారిన్ ఫోను చేసింది. గది ఖాళీ అయిందట, పదహారున వస్తుందట. అక్క "సరే" అంది. ఒక్క మాట. వాతావరణం గురించి చెప్పినట్టు.

మే 5

యాభై ఎనిమిది డిగ్రీలు, ఇంకా చలే. మబ్బు.

మే 6

అరవై. మబ్బు. అక్క థాంక్స్ చెప్పలేదు. రెండున్నర నెలలు. వెళ్తే వెళ్లనీ, నా పడగ్గది నాకు వస్తుంది. కొత్త పరుపు.

మే 7

నేను ఇంకా పైన గదిలోనే పడుకుంటున్నాను. ఆ పరుపు మీద నాకు నిద్ర పట్టదు.

మే 10

ఎల్రాయ్ తోట దున్నిపెట్టడానికి వచ్చాడు. అక్క లోపల బట్టలు సర్దుకుంటోంది.

"మరి వెర్నా వెళ్లిపోతోందన్నమాట" అన్నాడు.

"ఉండమని అడిగాను. వద్దంది. రెండుసార్లు."

వాడు దున్నడం ఆపేశాడు. "మూడోసారి అడగలేదా?"

"రెండుసార్లు వద్దన్న మనిషిని..."

"ఆర్డిస్, నేను మీ ఇంట్లో ముప్పై ఏళ్లుగా కాఫీ తాగుతున్నాను. ఏనాడైనా రెండోసారికి ఒప్పుకున్నానా? ఈ ఊళ్లో ఎవరైనా ఒప్పుకున్నారా?"

నాకు వాడి మీద చాలా కోపం వచ్చింది.

మే 12

అడగలేదు. మూడోసారి కూడా వద్దంటే అది నిజంగా వద్దనే. రెండోసారితో ఆపేస్తే, అడిగి ఉంటే ఉండేదేమో అని అనుకోవచ్చు. నార్మన్ పోయాక నేను అలాంటివి అనుకుంటూనే రోజులు వెళ్లదీశాను.

మే 14

అడగలేదు.

మే 15

అక్క సూట్‌కేసు తలుపు దగ్గర పెట్టింది. జేడ్ కిటికీలోనే ఉంది. "నీదేగా" అంది. నాకు అది వద్దు. నాకు అక్క కావాలి. ఇక్కడ రాశాను కదా, ఇంక లేదనడానికి లేదు.

మే 16

కారిన్ పదింటికల్లా వచ్చేసింది. బండి ఇంజను కూడా ఆపలేదు. పాపం పిల్ల ఒక్కతే అన్నీ చూసుకోవాలి, తొందర ఉంటుంది. పొయ్యి మీద తోటలోని పుల్లటి రూబార్బ్ కాడల ముక్కలు ఉడుకుతున్నాయి. వాటితో పై చేసి, కట్టి పంపుదామని నేనే పెట్టాను.

అక్క కోటు వేసుకుంది. కర్ర పట్టుకుంది. కారిన్ సూట్‌కేసు ఎత్తింది.

"అక్కా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఉండిపో. నీకు వీలుగా ఉంటుందని కాదు, నాకు కావాలి. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకు బావుండదు. ఉండిపో."

"అయ్యో పిన్నీ, అమ్మ ఇప్పటికే వద్దందిగా" అంది కారిన్.

అక్క నేలకేసి చూస్తోంది. ఎంతసేపు చూసిందో!

కారిన్ గడియారం చూసుకుంది. "పద అమ్మా. ఇన్ని రోజులు చూసుకుంది, పిన్నికి థాంక్స్ అయినా చెప్పు."

"చెప్పను" అంది అక్క.

"అమ్మా!"

"చెప్పనంటే చెప్పను. మొదటి రోజు నుంచీ నాలుక కరుచుకునే ఉన్నాను. చెబితే నేనిక్కడ నాటుకోను."

కర్ర గోడకి ఆనించింది. కోటు విప్పి నా చేతికిచ్చింది. "ఆ రూబార్బ్ అడుగంటుతోంది, వాసన రావట్లేదా ఇద్దరికీ?" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను కోటు పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. కారిన్ బయటికి వెళ్లి ఇంజను ఆపేసి వచ్చింది.

రూబార్బ్ పై తిన్నాక అక్క జేడ్ మొక్క నుంచి ఒక కొమ్మ తుంచి, పేపరులో చుట్టి కారిన్ చేతిలో పెట్టింది. "వారం ఎండబెట్టి పొడి మట్టిలో గుచ్చు. చిన్న కుండీ. నీళ్లు పొయ్యకు."

"థాం..." అంది కారిన్.

"నోర్ముయ్!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

మే 24

అరవై నాలుగు డిగ్రీలు. ఎండ. జేడ్ నాలుగు ఆకులు రాల్చింది, ఆరు వేసింది. కొత్త పరుపు ఎల్రాయ్ పట్టుకెళ్లాడు. ఊరికే ఇస్తామంటే వద్దన్నాడు, రెండుసార్లు.

ఇవాళ్టికీ అక్క థాంక్స్ చెప్పలేదు.